ఉదారవాదం: ఎవరి పట్ల ఉదారం?

'ఉదారవాది' అన్న మాట రాజధానిలో ఇటీవలి కాలాన బిరుదుగా కంటె నిందగానే ఎక్కువగా వినవస్తున్నది. మార్కెట్టుకు పగ్గాలు వదలమనే ఆర్థికవేత్త తాను ఉదారవాదినంటాడు. ఆ పగ్గాలు బిగించి పేదవానికి ఆసరా కల్పించమనే రాజకీయవాది తానూ ఉదారవాదినే అంటాడు. పత్రికా స్వాతంత్ర్యం కోసం న్యాయస్థానం మెట్లెక్కే న్యాయవాది మరొక అర్థంలో ఆ మాటను వాడతాడు. ఈ ముగ్గురూ ఒకరినొకరు ఉదారవాదులుగా అంగీకరించరు. గిట్టనివారు మాత్రం ముగ్గురినీ ఒకే గాటన కట్టి ఆ మాటతోనే ఎత్తిపొడుస్తారు.

ఒక మాటకు ఇన్ని అర్థాలున్నప్పుడు దానికి అసలు అర్థమే లేదని తోసిపుచ్చడం సులభం. అది సరికాదని ఈ విలేఖరి అభిప్రాయం. కాలాన్ని బట్టి, దేశాన్ని బట్టి దాని అర్థం మారుతూ వచ్చినది, నిజమే. కాని ఆ మార్పులన్నిటి అడుగున మారనిది ఒకటున్నది. దానిని గుర్తించడానికి గ్రంథాలయాలు గాలించనక్కరలేదు. రాజధానికి సుమారు 40 కిలోమీటర్ల దూరాన, యమునకు ఆవలి పక్కన వెలసిన గ్రేటర్ నోయిడా చరిత్ర చాలును.

ముందుగా మాట సంగతి. ఆ ఇంగ్లీషు పదానికి గల లాటిన్ మూలంలో స్వేచ్ఛ, దాతృత్వం రెండూ ఉన్నవి. మనం తెలుగు చేసుకొన్నప్పుడు రెండవదానినే పట్టుకొన్నాము. ఉదారుడంటే మనకు దాత. దాత ఇస్తాడు, గ్రహీత చేయి చాస్తాడు. హక్కు అనే ఊహకు అక్కడ తావు లేదు. ప్రభుత్వం ఉదారంగా వ్యవహరించినదంటే ఏదో ఇచ్చినదని సంతోషిస్తాము గాని, ఇచ్చినది ఎవరి దగ్గర నుండి తెచ్చినదని అడగము. అందుచేతనే కాబోలు, ఒక్కొక్క తరంలో ఆ భావానికి వేరొక మాటను వెదుక్కోవలసి వచ్చినది. 1918 నాటికి అది మితవాదం. 1959లో స్వతంత్రం. 1991లో సరళీకరణ. ఈ మూడు ఘట్టాలలోను ముఖ్య పాత్రధారులలో తెలుగువారుండడం మనకు ప్రత్యేకంగా ఆసక్తి కలిగించే విషయం.

గ్లాడ్‌స్టన్ రెండు ముఖాలు

ఇంగ్లండులో ఉదారవాదం మొదట ఆస్తికి కంచెగా పుట్టినది. రాజు తన ఇష్టం వచ్చినట్లు పన్ను వేయరాదు, భూమి లాగుకొనరాదు అన్నదే దాని తొలి పాఠం. అయితే అదే పక్షానికి నాయకుడైన గ్లాడ్‌స్టన్ 1881లో ఐర్లండు భూచట్టం తెచ్చి, భూస్వామి ఆస్తి హక్కుకు కోత పెట్టి, కౌలుదారుకు న్యాయమైన శిస్తు, సాగు భద్రత కల్పించాడు. 1911లో హాబ్‌హౌస్ రచన వెలువడే నాటికి, ఆకలితో ఉన్నవానికి స్వేచ్ఛ అక్కరకు రాదనీ, ప్రభుత్వం కల్పించుకొనక తప్పదనీ ఆ పక్షంలోనే ఒక వర్గం వాదించసాగినది. అమెరికాలో 1930 దశకంలో రూజ్‌వెల్టు ఆ మాటను పూర్తిగా ప్రభుత్వ సహాయానికి పర్యాయపదం చేశాడు. ఆస్ట్రేలియాలో 1944లో ఏర్పడిన లిబరల్ పార్టీ సంప్రదాయవాదులది. జపానును 1955 నుండి చాలాకాలం ఏలిన లిబరల్ డెమోక్రాటిక్ పార్టీదీ అదే బాట. బోర్డు చూసి సరుకు తెలుసుకొనే రోజులు ఏనాడో పోయినవి.

కాని మన దేశానికి సంబంధించిన విశేషం ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. లండనులో అదే గ్లాడ్‌స్టన్ ప్రభుత్వం చివరిసారిగా అధికారంలో ఉండగా, 1894 ఫిబ్రవరిలో, కలకత్తాలో భూసేకరణ చట్టం జారీ అయినది. ఐర్లండు కౌలుదారు మాట విన్న ఉదారవాదుల ఏలుబడిలోనే, భారత రైతు మాట వినవలసిన విధి లేని చట్టం వచ్చినది. ప్రజాప్రయోజనం అని ప్రభుత్వం ప్రకటిస్తే చాలును, యజమాని నోరు మెదపడానికి అందులో అవకాశం లేదు. కలకత్తాలో మొదలై ప్రీవీ కౌన్సిలు వరకు నడచిన ఒక వ్యాజ్యంలో ఈ సంగతి తేటతెల్లమైనది. ఆ చట్టమే నూట పందొమ్మిది సంవత్సరాలపాటు, స్వతంత్ర భారతంలో కూడా, రైతు నెత్తిన నిలిచినది.

విజయనగరం నుండి అలహాబాదుకు

1918లో కాంగ్రెసును వీడి జాతీయ లిబరల్ సమాఖ్యగా ఏర్పడినవారిని మనం మితవాదులన్నాము. వారిలో అగ్రగణ్యుడు విజయనగరంలో 1880లో జన్మించిన చిర్రావూరి యజ్ఞేశ్వర చింతామణి. అలహాబాదు చేరి 'లీడర్' పత్రిక సంపాదకుడై, 1921లో సంయుక్త రాష్ట్రాలలో విద్యా, పరిశ్రమల మంత్రి అయినారు. నేటి గ్రేటర్ నోయిడా నేల ఆనాడు ఆ రాష్ట్రం లోనిదే. గవర్నరుతో విభేదించి 1923లో ఆయన రాజీనామా ఇచ్చారు. మితవాదమంటే దొరల ముందు వంగడమని ఎగతాళి చేసినవారు ఆ రాజీనామాను మరచిపోతారు.

ఆ 1923లోనే భూసేకరణ చట్టానికి ఒక సవరణ వచ్చినది. ఆనాటి కేంద్ర శాసనసభకు జరిగిన ఎన్నికలను కాంగ్రెసు బహిష్కరించినందున, సభలో మితవాదుల వాణికి పలుకుబడి ఉండేది. సవరణ ద్వారా చేరిన 5-ఏ సెక్షను ప్రకారం, ప్రకటన వెలువడిన ముప్పది దినాలలోగా భూయజమాని తన అభ్యంతరం చెప్పుకోవచ్చు. అధికారి దానిని విచారించవలెను. చూడడానికి ఇది చిన్న సంగతి. కాని ఇరవయ్యో శతాబ్దంలో భారత రైతుకు లభించిన హక్కులలో ఇది తక్కువది కాదు. ప్రభుత్వం తీసుకొనే ముందు వినవలెను అన్నదే ఆ హక్కు. ఉదారవాదంలో మారనిది ఒకటున్నదని ముందు చెప్పినది దీనిని గురించే.

అయితే తలుపు తెరచిన చేతులే దొడ్డిదారి కూడ ఉంచినవి. అత్యవసరమని ప్రభుత్వం భావిస్తే 17వ సెక్షను కింద ఆ విచారణను రద్దు చేయవచ్చునన్న నిబంధన కూడ 1923 సవరణలోనే చేరినది. తరువాతి కథకు మూలమంతా అక్కడ ఉన్నది.

నిడుబ్రోలు, గాజియాబాదు

రెండవ ఘట్టం 1959 నాటిది. ఆ సంవత్సరం జనవరిలో నాగపూరు కాంగ్రెసు సమ్మిళిత సహకార వ్యవసాయం గూర్చి తీర్మానించినది. రైతు చేతిలోని నేల రైతుకు కాకుండా పోతుందని భయపడినవారిలో ఇద్దరు ముఖ్యులు. ఒకరు ఆక్స్‌ఫర్డులో చదివి వచ్చి, 1933లో నిడుబ్రోలులో రైతాంగ విద్యాలయం నెలకొల్పిన ఆచార్య ఎన్.జి. రంగా. రెండవవారు గాజియాబాదులో న్యాయవాదిగా జీవితం ప్రారంభించి, ఉత్తరప్రదేశ్‌లో జమీందారీ రద్దుకు సూత్రధారి అయిన చౌధురి చరణ్ సింగ్. రంగాగారు కాంగ్రెసును వదలి, రాజాజీ స్థాపించిన స్వతంత్ర పార్టీకి తొలి అధ్యక్షులైనారు. చరణ్ సింగ్ కాంగ్రెసులోనే ఉండి ఆ తీర్మానాన్ని ఎదిరించి, అదే సంవత్సరం దానిపై గ్రంథం వ్రాశారు.

ఇంగ్లీషువాని ఉదారవాదంలో ఆస్తి అంటే ప్రధానంగా ఎస్టేటు. వీరిద్దరి దృష్టిలో ఆస్తి అంటే అయిదెకరాలు, పదెకరాలు, ఒక జత ఎడ్లు. స్వేచ్ఛకు ఆధారం ఆ కమతమే అని వారి సిద్ధాంతం. పొలం ఉన్న రైతు పట్వారీకీ, పోలీసుకూ దడవడు. పొలం పోయిననాడు అతడు ఎవరి గుమ్మం ముందైనా నిలబడవలసినవాడే. అయితే స్వతంత్ర పార్టీలో రంగాగారి రైతుల పక్కనే మాజీ సంస్థానాధీశులు కూడ కూర్చున్నారు. అందుచేత అది రాజుల పార్టీ అన్న అపవాదు తప్పలేదు. 1962లో 18 స్థానాలు, 1967లో 44 స్థానాలు గెలిచి లోక్‌సభలో ప్రతిపక్షాలలో కెల్ల పెద్దదైనా, ఆ అపవాదును వదిలించుకోలేకపోయినది.

1967 ఫిబ్రవరి 27న గోలక్‌నాథ్ వ్యాజ్యంలో, రాజమహేంద్రి వాస్తవ్యులైన ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు నాయకత్వాన, ప్రాథమిక హక్కులను కుదించే అధికారం పార్లమెంటుకు లేదని 6-5 తేడాతో తీర్పు వచ్చినది. కొందరికి అది స్వేచ్ఛాశాసనం, మరికొందరికి భూసంస్కరణలకు అడ్డుగోడ. రెండు వాదాలలోను నిజమున్నది. ఆస్తి హక్కును ముందు పెట్టుకొని జమీందారీ రద్దును ఆపజూచినవారు ఉన్నారు. వారి మూలంగానే 1951లో మొదటి రాజ్యాంగ సవరణ అవసరమైనది. ఆస్తి అన్న మాట చెవిన పడగానే జమీందారును ఊహించుకొనే అలవాటు అప్పటినుండి మన రాజకీయాలకు పట్టుకొన్నది. పక్కన నిలబడిన చిన్న రైతు ఎవరికంటా పడలేదు.

1974 ఆగస్టులో స్వతంత్ర పార్టీ చరణ్ సింగ్ నాయకత్వంలోని భారతీయ లోక్‌దళ్‌లో కలిసినది. 1977లో వారందరూ జనతా ప్రభుత్వంలో భాగస్వాములైనారు. చరిత్ర పరిహాసమేమంటే, ఆ ప్రభుత్వమే 44వ రాజ్యాంగ సవరణ ద్వారా ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల నుండి తొలగించినది. రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డి ఆమోదం 1979 ఏప్రిల్ 30న లభించినది. జూన్ 20న ఆ భాగం అమలులోకి వచ్చేనాటికి ఉపప్రధాని చరణ్ సింగే. అదే సవరణ, అత్యవసర పరిస్థితిలో సైతం ప్రాణ, వ్యక్తిస్వేచ్ఛల హక్కును నిలిపివేయరాదని శాసించినది. అందుకు దేశం ఆ ప్రభుత్వానికి ఋణపడి ఉన్నది. మనిషికి రక్షణ పెరిగినది, అతని నేలకు తరిగినది. ఆ రెంటినీ వేరు చేయవచ్చునని ఆనాటి మన ఉదారవాదులు నమ్మారు.

సరళీకరణ నగరం

వేరు చేయడం సాధ్యమా అన్న ప్రశ్నకు గ్రేటర్ నోయిడా సమాధానం చెప్పినది. 1976 ఏప్రిల్‌లో, ఎమర్జెన్సీ అమలులో ఉండగా, ఉత్తరప్రదేశ్ పారిశ్రామిక ప్రాంతాభివృద్ధి చట్టం కింద నోయిడా ఏర్పడినది. అదే చట్టం కింద 1991 జనవరి 28న గ్రేటర్ నోయిడా ప్రాధికార సంస్థ ఏర్పాటైనది. ఆరు నెలలు తిరిగేసరికి ప్రధాని పి.వి. నరసింహారావు, ఆర్థికమంత్రి మన్మోహన్ సింగ్ పరిశ్రమలకు లైసెన్సుల సంకెళ్లు తెంచారు. 1972లో ముఖ్యమంత్రిగా భూపరిమితి శాసనానికి పూనుకొన్న పి.వి.యే 1991లో సరళీకరణకు ఆద్యులైనారు. ఆ రెండూ పరస్పర విరుద్ధాలని ఈ విలేఖరి అనుకోడు. మొదటిది భూమి లేనివానికి, రెండవది పూచీ కట్టి పరిశ్రమ పెట్టదలచినవానికి దారి చూపదలచినవి. మధ్యలో ఉన్న రైతు సంగతి మాత్రం రెండింటిలోను ఎవరూ పట్టించుకోలేదు.

పెట్టుబడిదారుకు అనుమతుల బెడద తొలగినది. రైతు విషయంలో మాత్రం 1894 నాటి చట్టం చెక్కుచెదరకుండా పనిచేసినది. పారిశ్రామికాభివృద్ధి కోసమని ప్రకటన, అత్యవసరమని 17వ సెక్షను ప్రయోగం, 5-ఏ విచారణ రద్దు. గ్రామం తరువాత గ్రామం ఇదే వరుస. ఆ తరువాత ఆ నేలే పరిశ్రమలకు బదులు గృహనిర్మాణ సంస్థలకు దక్కినది. అత్తసొమ్ము అల్లుడు దానం చేయడమంటే ఇదే. ఉదారత్వానికి లోటు లేదు, ఇచ్చిన సొత్తు మాత్రం ఇచ్చినవారిది కాదు.

2011లో ఈ వ్యవహారం బట్టబయలైనది. మే 7న అదే జిల్లాలోని భట్టా, పార్సౌల్ గ్రామాల దగ్గర యమునా ఎక్స్‌ప్రెస్‌వే ప్రాంతపు భూముల తగాదాలో కాల్పులు జరిగి రైతులు, పోలీసులు కూడ మరణించారు. జూలై 6న సుప్రీంకోర్టు షాబేరీ గ్రామంలో 156 హెక్టారుల సేకరణ చెల్లదన్న హైకోర్టు తీర్పును ఖాయపరచి, ప్రాధికార సంస్థకు పది లక్షల రూపాయల ఖర్చులు విధించినది. అక్టోబరు 21న అలహాబాదు హైకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం, విచారణను రద్దు చేయడం సమర్థనీయం కాదంటూనే, మూడు గ్రామాలలో మాత్రమే సేకరణను కొట్టివేసినది. తక్కినచోట్ల అప్పటికే భవనాలు లేచినందున, 64.7 శాతం అదనపు పరిహారం, అభివృద్ధి చేసిన నేలలో 10 శాతం రైతులకు ఇవ్వవలెనన్నది. 2015 మే 14న సుప్రీంకోర్టు దానిని ఆమోదించినది.

తీర్పు వచ్చినా పూర్తిగా అందనిదే వారి మొర. ఆ పరిహారం, ఆ పది శాతం స్థలాల కోసమే గ్రేటర్ నోయిడా రైతులు 2023లో ప్రాధికార సంస్థ కార్యాలయం ముందు నెలల తరబడి ధర్నా చేశారు. 2024 డిసెంబరులో ఢిల్లీకి పాదయాత్రగా బయలుదేరారు. ఈ గ్రామాలలో తిరిగిన ఎవరికైనా ఇరవై అంతస్తుల భవనాల నడుమ చిక్కుకొన్న ఆబాదీలు కనబడతాయి. ఆబాదీ అంటే మన గ్రామకంఠం. తాతల నాటి పశువులపాక నిలబడిన చోటు తమదో, ప్రాధికార సంస్థదో తేలక అక్కడివారు ఏళ్లు గడిపారు. ఫిర్యాదు చేసుకొందామంటే తాము ఎన్నుకొన్న పురపాలక సంఘం లేదు. స్థాపన నాటి నుండి దశాబ్దాల తరబడి ఆ నగరాన్ని నడిపినది నియమిత అధికారులే.

నేల పోయిన రైతుతోనే కథ ఆగలేదు. ఆమ్రపాలి వ్యవహారంలో నోయిడా, గ్రేటర్ నోయిడాలలో ఇళ్ల కోసం డబ్బు కట్టిన నలభై వేలకు పైగా కుటుంబాలు దిక్కుతోచక సుప్రీంకోర్టును ఆశ్రయించవలసి వచ్చినది. 2019 జూలై 23న ఆ న్యాయస్థానం కల్పించుకొని నిర్మాణం ప్రభుత్వరంగ సంస్థకు అప్పగించినది. నేల అమ్మినవాడు, ఇల్లు కొన్నవాడు ఇద్దరూ కోర్టు వరండాలో కలుసుకొన్నారన్నమాట.

ఎదుటి వాదం

ఇందుకు ఎదురు వాదం లేకపోలేదు. ప్రతి రైతునూ ఒప్పించి గాని రోడ్డు వేయరాదంటే దేశం ముందుకు పోదని కొందరంటారు. నిజమే, ఏ ఒక్కరి మొండితనమూ ఊరందరి బావికి అడ్డు కారాదు. కాని వినడం వేరు, ఒప్పుకోవడం వేరు. 5-ఏ సెక్షను రైతుకు నిషేధాధికారం ఇవ్వలేదు. నెల రోజుల వ్యవధి, ఒక విచారణ, అంతే. ఆ పాటి ఓపిక లేక ప్రభుత్వం పోగొట్టుకొన్న సంవత్సరాలెన్నో గ్రేటర్ నోయిడా వ్యాజ్యాలే చెబుతవి.

మరొక ఆక్షేపణ బరువైనది. నేల ఉన్నవాని మాట సరే, కౌలుదారు, వ్యవసాయ కూలీ మాట ఎవరు విన్నారు? రంగాగారి కాలం నుండి ఉదారవాదానికి ఉన్న లోపమిది. 2013లో పార్లమెంటు చేసిన కొత్త భూసేకరణ చట్టం ఈ లోపాన్ని కొంత సవరించినది. జీవనోపాధి కోల్పోయేవారిని కూడ బాధిత కుటుంబాలుగా గుర్తించినది. ప్రైవేటు ప్రాజెక్టులకు 80 శాతం, ఉమ్మడి ప్రాజెక్టులకు 70 శాతం సమ్మతి, సామాజిక ప్రభావ మదింపు అవసరమన్నది. 2011లో ప్రవేశపెట్టిన ఆ బిల్లు స్థాయీసంఘానికి పోయి, పలువురి వాదనలు విని తయారైనది. 2014 డిసెంబరులో అందులోని సమ్మతి నిబంధనను సడలిస్తూ కొత్త ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చినది. ప్రతిఘటన పెరిగి 2015 ఆగస్టు 31న అది మురిగిపోయినది.

వినకపోవడం పార్లమెంటుకు సైతం సోకిన వ్యాధి. 2020 సెప్టెంబరు 20న మూడు వ్యవసాయ బిల్లులలో రెంటిని రాజ్యసభలో, వోట్ల లెక్కింపు కోరినా, మూజువాణితో నెగ్గించారు. మార్కెట్టు స్వేచ్ఛను కోరే ఆర్థికవేత్తలకు అవి ఉదార సంస్కరణలు. సంవత్సరంపాటు ఢిల్లీ సరిహద్దుల్లో కూర్చున్న రైతులకు అవి తమను అడగకుండా తమ కోసం చేసిన చట్టాలు. 2021 నవంబరు 29న వాటిని రద్దు చేసిన బిల్లు కూడ ఉభయసభలలో చర్చ లేకుండానే గడచినది. చట్టం మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. చేసినప్పుడూ వినలేదు, తీసివేసినప్పుడూ వినలేదు.

మనవారికి అమరావతి ఉండనే ఉన్నది. అక్కడ 2015లో బలవంతపు సేకరణకు బదులు సమీకరణ పద్ధతి అనుసరించారు. 33 వేల ఎకరాలకు పైగా రైతులు సమ్మతించి ఇచ్చారు. గ్రేటర్ నోయిడా కంటె అది మెరుగైన దారి. కాని 2019 డిసెంబరులో మూడు రాజధానుల ఆలోచన వెలువడినప్పుడు, ఇచ్చిన మాట మీద నమ్మి నేల ఇచ్చినవారి మాటకు విలువేమన్న ప్రశ్న వచ్చినది. 2022 మార్చి 3న రాష్ట్ర హైకోర్టు రైతుల పక్షాన తీర్పు చెప్పినది. 2024లో ప్రభుత్వం మారాక నిర్మాణం తిరిగి సాగినది. ఒకసారి విని, మరొకసారి మరచే ప్రభుత్వం కూడ వినని ప్రభుత్వమే.

2024 మే 16న కలకత్తా నగరపాలక సంస్థ వ్యాజ్యంలో జస్టిస్ పమిడిఘంటం శ్రీనరసింహ ఇచ్చిన తీర్పు ఈ చర్చకు మంచి ఆధారం. ప్రాథమిక హక్కు కాకపోయినా, 300-ఏ అధికరణం కింద ఆస్తి హక్కులో ఏడు అంశాలున్నవని సుప్రీంకోర్టు చెప్పినది. నోటీసు పొందే హక్కు, మాట వినిపించుకొనే హక్కు, కారణాలతో కూడిన నిర్ణయం పొందే హక్కు అందులో మొదటివి. 1923లో ఒక సెక్షనుగా ప్రవేశించినది శతాబ్ది గడచాక రాజ్యాంగ హోదా పొందినదన్నమాట. మితవాదులు, స్వతంత్రులు, సరళీకరణవాదులు తమలో తాము ఎంత కలహించుకొన్నా ఈ ఒక్క అంశం మీద ఏకీభవించక తప్పదు.

ఇక చేయవలసినది పార్లమెంటు, రాష్ట్రాలు. నేలకు, జీవనోపాధికి సంబంధించిన ఏ బిల్లునూ స్థాయీసంఘానికి పంపకుండా గడపరాదన్న నియమం సభలు తమకు తాము పెట్టుకోవాలి. గ్రేటర్ నోయిడా వంటి నగరాలలో ప్రజలు ఎన్నుకొన్న పాలకమండలి లేనిచోట దానిని ఏర్పాటు చేయాలి. 2011 నాటి తీర్పు ప్రకారం రైతులకు రావలసిన స్థలాలు ఇంకా మిగిలి ఉంటే వాటిని అప్పగించాలి. వీటిలో ఏదీ దానం కాదు. తీర్పులు, చట్టాలు ఇదివరకే చెప్పిన బాకీ.